మందు చూసేది కులాన్ని కాదు

ఒకే మందు, ఒకే మోతాదు. ఒకరికి ప్రాణం పోస్తుంది, మరొకరికి ప్రాణం మీదికి తెస్తుంది. ఈ తేడాకు జన్యు కారణాలను వెతికే శాస్త్రమే ఫార్మకోజెనోమిక్స్. ఈ రంగంలోకి వచ్చే పరిశోధక విద్యార్థులకు ప్రయోగశాల మెళకువలతో పాటు కుల చరిత్రను కూడా బోధించాలన్నది నా వాదన.

మన దగ్గరి ఉదాహరణే చూద్దాం. శస్త్రచికిత్సలో కండరాల సడలింపు కోసం ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం సాధారణంగా కొన్ని నిమిషాలే ఉంటుంది. దానిని విచ్ఛిన్నం చేసే ఎంజైమ్ లోపించినవారు గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు. యంత్రంతో శ్వాస అందించాలి. ఈ లోపం వైశ్య సముదాయంలో ఇతరులకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇందుకు కారణం ఏ కులానికో ప్రత్యేకమైన రక్తం ఉండటం కాదు. కొద్దిమంది పూర్వీకుల సంతతి తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం. కులానికి మూలం అంతర్వివాహమేనని అంబేద్కర్ 1916లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో వివరించారు. భారతీయ జనసమూహాల మధ్య విస్తృతమైన కలయిక సుమారు 1,900 ఏళ్ల క్రితం వరకూ సాగి, ఆ తర్వాత అంతర్వివాహం బిగుసుకుందని హైదరాబాద్‌ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2013 నాటి అధ్యయనం సూచించింది.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. వైశ్యులలో అత్యధికులకు ఈ లోపం లేదు. ఇతర కులాలలో కొందరికి ఉంది. కులం పేరు ముందస్తు హెచ్చరికగా పనికిరావచ్చు గానీ పరీక్షకు బదులు కాజాలదు. ఈ తేడా తెలియని పరిశోధకుడు కులాన్ని ప్రకృతి సిద్ధమని నమ్మేవారి చేతికి ఆయుధం అందిస్తాడు.

రెండో పాఠం ఏజెన్సీ ప్రాంతాలది. మలేరియా తిరగబెట్టకుండా ఇచ్చే ప్రైమాక్విన్, జీ6పీడీ ఎంజైమ్ లోపమున్నవారిలో ఎర్ర రక్తకణాలను ఛిద్రం చేయగలదు. మలేరియా పీడిత ప్రాంతాల ఆదివాసులలో ఈ లోపం తరచుగా కనిపిస్తుంది. కనిపెట్టే పరీక్ష ఉంది. అది కొండమీది గూడేనికి చేరిందా అన్నదే ప్రశ్న. ప్రమాదంలో సగం జన్యువుది, సగం ఆసుపత్రి దూరానిది.

అందుకే రక్త నమూనా సేకరించే విద్యార్థి, ఆ మనుషుల భాషలో వారి సమ్మతి పొందడం, ఫలితాన్ని తిరిగి వారికి చేర్చడం శిక్షణలో భాగంగా నేర్వాలి. నమూనాలిచ్చిన సముదాయాల బిడ్డలు పరిశోధకులుగానూ ఆ ప్రయోగశాలల్లోకి రావాలి. ఏ ప్రశ్నను ముందుగా పరిశోధించాలో నిర్ణయించే చోట వారు లేకపోతే, వారి రక్తం పత్రికల్లో వ్యాసంగా మారుతుందే తప్ప వారి ఊరికి వైద్యంగా తిరిగి రాదు.