వాన నీటికి దారి విడిచే బాట

ఖరగ్‌పూర్ పేరు వినగానే తెలుగువారి మనస్సులో మొదట మెదిలేది రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ ఎర్రమట్టి మెట్టపై పెద్ద జంక్షనును, కర్మాగారాన్ని, వాటి చుట్టూ ఉద్యోగుల కోసం ఒక పట్టణాన్ని నిర్మించింది. 1902లో తూర్పుతీర రైలుమార్గపు ఉత్తర భాగం కూడా ఆ కంపెనీ అధీనంలోకి వచ్చింది. నాటి నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలు ఎన్నో ఆ మార్గం పట్టి వెళ్లి, ఆ రైల్వే కాలనీలలో తరతరాలుగా స్థిరపడ్డాయి. అక్కడ ఒక మేనమామో, పెదనాన్నో ఉన్నవారు మన సంస్థ కుటుంబాలలోనూ కొందరున్నారు. అందుచేత ఆ పట్టణపు నేలను ఉదాహరణగా తీసుకొని, మన కాలనీలన్నింటికీ సంబంధించిన ఒక విషయాన్ని పాఠకుల ముందుంచుతున్నాము. కాలిబాటలను, ఆటస్థలాలను, వీధి కూడళ్లను దేనితో కప్పాలి, ఎంతవరకు కప్పాలి అన్నదే ఆ విషయం.

ఎర్ర నేల స్వభావం

ఖరగ్‌పూర్ లాటరైట్ నేలలపై వెలసిన ఊరు. ఫ్రాన్సిస్ బుకానన్ మలబారు ప్రాంతంలో ఈ రాతిని చూచి, 1807లో ప్రచురించిన తన రచనలో ఇటుక అనే అర్థం గల లాటిన్ పదం నుండి దానికి ఆ పేరు పెట్టాడు. భూమిలో ఉన్నప్పుడు మెత్తగా ఉండి, కోసి బయటపెట్టగానే గట్టిపడడం ఈ రాతి ప్రత్యేకత. ఖరగ్‌పూర్‌కు ఉత్తరాన ఉన్న విష్ణుపురంలో 1600 ప్రాంతంలో కట్టిన రాసమంచపు పీఠం ఈ రాతిదే. నాలుగు వందల ఏళ్లుగా అది వానకు, ఎండకు ఓర్చి నిలిచింది.

అయితే అదే నేల వేసవిలో ఎర్రటి దుమ్మై లేస్తుంది. వానాకాలంలో బడిపిల్లల బూట్లకు అంటుకుంటుంది. కనుక గృహిణులు, వృద్ధులు తమ ఇంటి ముందరి నేలను సిమెంటుతో కప్పమని కోరడంలో తప్పేమీ లేదు. దుమ్ము నుండి, బురద నుండి విముక్తి కలగడం న్యాయమైన కోరికే. ఆ కోరిక తీరే మార్గంలో నీటి దారి మూసుకుపోతున్నదా అన్నదే ఆలోచించవలసిన అంశం.

ఒక చిన్న లెక్క

ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది ఒక లీటరు నీరు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని మించే వరకు అది ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఆ ప్లాట్‌ఫారమంత పొడవు, 2 మీటర్ల వెడల్పు గల సిమెంటు బాట ఒకటి కాలనీలో వేశామనుకొందాం. దానిపై ఒక సాయంత్రం 20 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 43,000 లీటర్ల నీరు. గట్టి సిమెంటు ఆ నీటిలో అత్యధిక భాగాన్ని పక్కకు నెట్టివేస్తుంది. అది కాలువకు చేరుతుంది. కాలువ చాలకపోతే పల్లపు వీధిలోని ఇంటి గడప ఎక్కుతుంది. ఏటా సుమారు 1500 మిల్లీమీటర్ల వర్షం, అందులో ఎక్కువ భాగం నాలుగు నెలలలోనే పడే ఆ ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. వానాకాలంలో గడప తడిపిన ఆ నీరే వేసవిలో బావికి, బోరుకు అందక పోతుంది.

రైలు పట్టా నేర్పే పాఠం

ఈ సమస్యకు పరిష్కారం రైల్వేవారికి ఎప్పటినుండో తెలిసినదే. పట్టాల కింద పరచే కంకర కేవలం బరువు మోయడానికే కాదు. 20 నుండి 65 మిల్లీమీటర్ల మధ్య పరిమాణం గల పదునైన అంచుల రాళ్లను మాత్రమే ఎంచి వేస్తారు. రాళ్ల మధ్య ఖాళీలలో నుండి వాన నీరు నిలువక దిగిపోతుంది. ఆ ఖాళీలు మట్టితో పూడిపోయిన చోట రైలు వెళ్లినపుడల్లా కింది బురద పైకి చిమ్ముతుంది, ట్రాక్ కుంగుతుంది. అందుకే సాధారణంగా పదేళ్లకొకసారి కంకర తీసి, జల్లించి, తిరిగి వేస్తారు. రైల్వే భాషలో దానిని డీప్ స్క్రీనింగ్ అంటారు.

నీటిని అడ్డుకొనేది కాక, నీటికి దారి విడిచేదే ఎక్కువ కాలం నిలుస్తుందన్నది గ్యాంగ్‌మన్‌కు అనుభవంతో తెలిసిన సత్యం. నేటి ఇంజనీర్లు నీరింకే బాటలుగా రూపొందిస్తున్నవి ఈ సూత్రం మీద ఆధారపడినవే.

బ్లాకులు పరచినంత మాత్రాన చాలదు

ఒకదానితో ఒకటి కలిసిపోయే సిమెంటు బ్లాకులు ఇప్పుడు ప్రతి ఊరిలోనూ కనిపిస్తున్నాయి. వాటికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 15658. నడకదారులకు 50, 60 మిల్లీమీటర్ల మందం గలవి సరిపోతాయి. వాహనాలు తిరిగే చోట 80 మిల్లీమీటర్లు, ఆపైన అవసరమవుతాయి. కింద పైపు పగిలినా, కేబుల్ వేయవలసి వచ్చినా బ్లాకులను ఎత్తి, పని ముగిశాక తిరిగి పరచవచ్చు. సిమెంటు బాటను పగులగొట్టడం తప్ప వేరు మార్గం లేదు. ఇది బ్లాకులకు గల గొప్ప సౌలభ్యం.

కానీ బ్లాకులు వేశాం గనుక నీరు ఇంకుతుందనుకోవడం పొరపాటు. సాధారణ బ్లాకుల సందులు 2 నుండి 4 మిల్లీమీటర్లే; అవి సన్నని ఇసుకతో నిండి ఉంటాయి. కింద సిమెంటు పరుపు వేస్తే నీటికి దారి పూర్తిగా మూసుకుపోతుంది. నీరు ఇంకాలంటే సందులు వెడల్పుగా ఉండాలి. వాటిలో ఇసుకకు బదులు చిన్న రాతి చిప్స్ నింపాలి. అడుగున ఒకే పరిమాణం గల శుభ్రమైన కంకరను, దాని మధ్య ఖాళీలు పూడకుండా, తగిన మందంలో పరచాలి. లాటరైట్ గట్టి పొరగానో, బంకమట్టిగానో ఉన్న చోట్ల నీరు త్వరగా దిగదు. అటువంటి చోట కంకర పొర అడుగున రంధ్రాలు గల గొట్టం అమర్చి, మిగులు నీటిని ఇంకుడు గుంతకు మళ్లించాలి.

వాడే సరుకు విషయంలోనూ వివేకం అవసరం. ప్రపంచంలో మానవ కార్యకలాపాల వలన వెలువడే కర్బన వాయువులో సుమారు 7, 8 శాతం సిమెంటు పరిశ్రమదే. థర్మల్ కేంద్రాల బూడిద కలిపిన సిమెంటు వాడితే ఆ భారం కొంత తగ్గుతుంది. ఖరగ్‌పూర్‌కు కోలాఘాట్ థర్మల్ కేంద్రం దగ్గరలోనే ఉంది. కాగా నూనె, డీజిలు చిందే షెడ్లలో, మరమ్మతు స్థలాలలో నీరింకే బాట ఎంతమాత్రం తగదు. ఆ నూనె నీటితో పాటు భూగర్భంలోకి దిగుతుంది. అక్కడ గట్టి నేల, నూనెను వేరుపరచే తొట్టి ఉండవలసినదే.

చెట్టు, ఎండ, పాదచారి

పాత రైల్వే కాలనీలకు అందం తెచ్చినవి నీడనిచ్చే పెద్ద చెట్లు. మొదలు దాకా సిమెంటు బిగిస్తే వేళ్లకు నీరు, గాలి అందవు. కొన్నేళ్లకు వేళ్లే పైకి లేచి బాటను పగులగొడతాయి. ఢిల్లీలోని చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత న్యాయస్థానం 2013లో ఆదేశించింది. ఆ ఒక్క మీటరును మనం ముందుగానే విడిచిపెడితే తరువాత తవ్వే పని ఉండదు. ఎండలో కాగిన గట్టి నేల రాత్రి వరకు సెగలు కక్కుతుంది. నీడ, తేమగల నేల ఆ వేడిని తగ్గిస్తాయి.

ఇక నడిచేవారి సంగతి. నున్నని పలకలు వానలో జారుడుబండలవుతాయి. ఉదయం నడకకు వెళ్లే విశ్రాంత ఉద్యోగికి ఒక్క జారుపాటుతో తుంటి ఎముక విరగవచ్చు. ఆ తరువాత మంచం దిగడమే కష్టం. కనుక గరుకు ఉపరితలం, రెండు శాతం వాలు, చక్రాల కుర్చీకి వీలైన ర్యాంపు తప్పనిసరి. చూపు లేనివారికి దారి చూపే గీతల, చుక్కల పలకలను 1965లో జపాన్‌కు చెందిన సెయిచి మియాకే కనిపెట్టారు. 1967లో ఒకాయామా నగరంలో మొదటిసారి పరచారు. ఇప్పుడు మన స్టేషన్లలోనూ పసుపు రంగులో కనిపించేవి అవే. వాటిని అలంకారంగా భావించి దీపస్తంభం వైపు మళ్లిస్తే మేలుకు బదులు కీడే జరుగుతుంది.

మన కర్తవ్యం

నీరింకే బాటను వేసి మరచిపోరాదు. కంకర వలె దానికీ సంరక్షణ కావాలి. వానలకు ముందు ఆకులు, మట్టి ఊడ్చాలి. సందులు పూడితే పాత చిప్స్ తీసి కొత్తవి నింపాలి. ఇంటి మరమ్మతు కోసం తెచ్చిన ఇసుక, సిమెంటు దానిపై గుట్టపోయరాదు. ఈ పని సివిల్ విభాగం ఒక్కటే చేయజాలదు. కాలనీ కుటుంబాల సహకారం ఎంతైనా అవసరం.

ప్రతి అంగుళం కప్పవలసిన పని లేదని కూడా మనవి చేస్తున్నాము. నడిచే మేర బాట వేసి, తక్కిన నేలను గడ్డికి, మొక్కలకు విడిచిపెట్టడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. మీ వీధికి కొత్త బాట మంజూరైనప్పుడు సంబంధిత ఇంజనీరుగారిని మూడు ప్రశ్నలు అడగండి: బ్లాకుల కింద ఏమి వేస్తున్నారు? చెట్టు చుట్టూ ఎంత విడిచిపెడుతున్నారు? వాన నీరు ఎక్కడికి పోతుంది? పని మొదలు కాకముందే వీటికి జవాబులు రాబట్టుకొంటే, మన పిల్లలు బురద లేని బాటపై నడుస్తారు. మన బావులలో నీరూ నిలుస్తుంది.