పడవ వెంట వచ్చే బాకీలు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. పాత పడవల బేరాలు ఎక్కువగా అప్పుడే చూస్తుంటాం. పొలం పనులు లేనప్పుడు వేటకు పోయే కూలీలు నలుగురైదుగురు కూడి, ఆడవాళ్ల మెడలో బంగారం కుదవపెట్టి, ఓ పాత ఫైబరు బోటు కొంటారు. అడుగు తట్టి చూస్తారు, ఇంజను తిప్పి చూస్తారు. కాగితాలు మాత్రం చూడరు.

అలాంటి నలుగురు మా దగ్గరకొచ్చారు. అమ్మినవాడు రాసిచ్చిన స్టాంపు కాగితం చేతిలో ఉంది, పడవ రేవులో లేదు. బ్యాంకువాళ్లు పట్టుకుపోయారు. అప్పు వాడిది, పడవ పోయింది మాకు, ఇదేం న్యాయమన్నారు. అమ్మేవాడికి ఎంత హక్కుందో కొన్నవాడికీ అంతే వస్తుందని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం చెబుతోంది. బ్యాంకుకు హైపోతికేషన్ చేసిన పడవ యజమాని చేతిలోనే ఉంటుంది, రోజూ వేటకు పోతుంది. తాకట్టు కంటికి కనపడదు. పొలానికైతే ఈసీ తీయిస్తాం, పడవకు ఆ అలవాటేదీ?

మత్స్యశాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు అడగండి. జిరాక్సు కాదు, అసలుది. పడవ మీది నంబరు, ఇంజను నంబరు సరిచూడండి. అన్నదమ్ముల ఉమ్మడి పడవైతే అందరూ సంతకం పెట్టాలి. అప్పు తీరిందంటే బ్యాంకు రాసిచ్చిన కాగితం చూపమనండి. పేరు మారేదాకా సొమ్మంతా ముట్టజెప్పొద్దు.

అడ్వాన్సు పేరు చెప్పి చేపంతా తనకే పోయాలనే దళారీ కొత్తవాళ్ల మీదా పెత్తనానికొస్తాడు. ఒట్టి ప్రామిసరీ నోటే అయితే ఆ బాకీ రాసినవాడిది, పడవది కాదు. బెదరొద్దు.

సరంగు, కళాసీల కూలి బాకీ అలా కాదు. అది పడవనే పట్టుకుని ఉంటుంది. 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం పడవ మీద హక్కుల్లో దీన్నే అన్నిటికంటే ముందు పెట్టింది. యజమాని మారినా పోదు, కూలి రావాల్సిన రోజు నుంచి రెండేళ్లు నిలుస్తుంది. ఇది సముద్రం మీది పడవల సంగతి, నదుల్లో తిరిగే లోతట్టు పడవలకు ఆ చట్టం లేదు. పైగా హైకోర్టుకు పోవాలి, ఒంటరి కళాసీకి అయ్యే పని కాదు. కొనేవాడి మెడకు ఇది ఉరి అని కొందరన్నారు. మేం ఒప్పుకోలేదు. కూలి ఎగ్గొట్టి పడవ అమ్ముకునే యజమాని దగ్గర కళాసీకి ఇంకేం ఆధారముంది?

అందుకే బేరానికి ముందు పాత కళాసీల ఇళ్లకు పోండి. ఎవరికెంత రావాలో అడిగి, అది ధరలో మినహాయించి, వాళ్ల చేతికే ఇచ్చి రసీదు రాయించుకోండి.

ఆ నలుగురి తరఫున పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాం. అమ్మినవాడు ఊళ్లో లేడు. కుదవపెట్టిన బంగారానికి వడ్డీ నడుస్తోంది.