హత్య కేసులో బెయిలు ఎలా ఇస్తారు?

ఊళ్లో హత్య జరుగుతుంది. నిందితుణ్ణి పోలీసులు పట్టుకుపోతారు. నాలుగు నెలలకు అతను బస్సు దిగి ఇంటికి నడిచొస్తే ఊరంతా ఒకటే మాట: "కేసు కొట్టేశారట." చనిపోయినవాడి తల్లికి ఆ మాట ఎంత కోతో వేరే చెప్పక్కర్లేదు. నిజానికి కేసు ఎక్కడికీ పోలేదు. సాక్షుల విచారణ ఇంకా మొదలే కాలేదు. బెయిలు పిటిషన్ విన్న జడ్జి 'ఇతనే చంపాడా' అన్నది తేల్చలేదు, తేల్చకూడదు కూడా. తీర్పు వచ్చేదాకా ఇతన్ని లోపలే ఉంచాలా అన్నదొక్కటే ఆ రోజు ఆయన ముందున్న ప్రశ్న.

ఉరిశిక్షో యావజ్జీవమో పడే నేరాల్లో మేజిస్ట్రేటుకు చేతులు కట్టేసినట్టే. మహిళలు, పిల్లలు, జబ్బుపడినవాళ్లు అయితే కొంత వెసులుబాటు ఉంటుంది. మిగతావాళ్లు సెషన్స్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లాలి. అక్కడ పబ్లిక్ ప్రాసిక్యూటర్ కేసు డైరీ ముందుపెట్టి అభ్యంతరం చెబుతారు. బాధితుల మాటా వినాల్సిందేనని లఖింపూర్ ఖేరీ కేసులో 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆధారాలు ప్రాథమికంగా ఎంత గట్టిగా ఉన్నాయి, నేరం ఎంత తీవ్రమైంది, రుజువైతే పడే శిక్ష ఎంత, మనిషి పారిపోతాడా, మళ్లీ అదే పనికి దిగుతాడా, సాక్షుల జోలికి వెళ్తాడా అని జడ్జి చూస్తారు. వీటన్నిటిలో బరువైనది సాక్షుల సంగతేనని నా అభిప్రాయం. చంపుతుండగా చూసిన మనిషి, చంపాడంటున్న మనిషి ఒకే వీధిలో ఉంటే ఆ సాక్ష్యం కోర్టుదాకా నిలవడం కష్టం. అందుకే ఊళ్లో అడుగుపెట్టొద్దని, వారం వారం స్టేషన్లో సంతకం పెట్టాలని, పాస్‌పోర్టు అప్పగించాలని షరతులు పెడతారు. వాటిని మీరితే బెయిలు రద్దు చేయమని అడగొచ్చు.

ఈ ఆలోచనకు పునాది వేసిన తీర్పుల్లో ఒకటి మన ప్రాంతం నుంచే వెళ్లింది. గుడికంటి నరసింహులు, మరికొందరి మీద హత్య కేసు. సెషన్స్ కోర్టు నిర్దోషులని వదిలేసింది, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని తిరగేసి యావజ్జీవం వేసింది. సుప్రీంకోర్టులో అప్పీలు తేలేలోపు బెయిలు ఇవ్వాలా అన్నది 1977 డిసెంబరులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ముందుకొచ్చింది. అప్పటికే వాళ్లు ఇరవై నెలలు జైల్లో గడిపారు. అంతకుముందు బయట ఉన్న కాలంలో ఆ స్వేచ్ఛను దుర్వినియోగం చేసిన దాఖలా లేదు. నేరం ఘోరమైనదన్న ఒక్క కారణంతో ఆయన తలుపు మూయలేదు. ఎక్కడ ఉండాలో, పోలీసులకు ఎలా హాజరు కావాలో షరతులు పెట్టి బెయిలు ఇచ్చారు. బెయిలు నిరాకరణ అంటే శిక్షకు ముందే శిక్ష కాకూడదన్న మాట అప్పటినుంచీ మన కోర్టుల్లో వినిపిస్తూనే ఉంది.

గడువు కారణంగా వచ్చే బెయిలు వేరు. పదేళ్లు, అంతకుమించి శిక్షపడే నేరాల్లో 90 రోజుల్లోపు, మిగతావాటిలో 60 రోజుల్లోపు పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే, అడిగిన నిందితుడికి బెయిలు హక్కుగా దక్కుతుంది. ఇక్కడ నేరం తీవ్రతను చూడరు. దర్యాప్తు ఆలస్యానికి మనిషి మూల్యం చెల్లించకూడదని ఈ ఏర్పాటు.

ప్రత్యేక చట్టాల దగ్గరకు వచ్చేసరికి మొత్తం తిరగబడుతుంది. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) కింద ఆరోపణ ప్రాథమికంగా నిజమనిపిస్తే చాలు, బెయిలు ఇవ్వకూడదు. మత్తుమందుల చట్టంలో పెద్ద మొత్తంలో సరుకు పట్టుబడినప్పుడు, మనీలాండరింగ్ చట్టంలోనూ, నిందితుడు నిర్దోషి అని నమ్మడానికి తగిన కారణాలు కోర్టుకు కనబడాలి. సాక్షులు బోనెక్కకముందే నిర్దోషిత్వం చూపించమంటే ఎలా? ఇది అన్యాయమైన మెట్టని నేను నమ్ముతాను. ఆర్థిక నేరాలు ప్రత్యేక తరగతికి చెందినవని 2013లో వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి బెయిలు పిటిషన్ కొట్టేస్తూ సుప్రీంకోర్టు అంది. ఆ వాక్యాన్ని దేశమంతటా ప్రాసిక్యూటర్లు ఉటంకిస్తూ వచ్చారు.

ఈ గోడకు పగులు తెచ్చింది కాలమే. కేరళలో ఒక ప్రొఫెసర్ చెయ్యి నరికిన కేసులో నజీబ్ అనే నిందితుడు అయిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. ఇంకా 276 మంది సాక్షులను విచారించాలి. విచారణ త్వరగా తేలే ఆశ లేనప్పుడు ఉపా కూడా రాజ్యాంగ కోర్టుల చేతులు కట్టేయలేదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. ఢిల్లీ మద్యం విధానం కేసులో మనీష్ సిసోదియాకు 2024 ఆగస్టులో బెయిలు దొరికిందీ, పదిహేడు నెలలు గడిచినా విచారణ మొదలు కాలేదనే. అదే కేసులో, అదే నెలలో కల్వకుంట్ల కవితకూ వచ్చింది. మనీలాండరింగ్ చట్టంలో మహిళలకున్న మినహాయింపు చదువూ హోదా ఉన్నవారికి వర్తించదన్నట్టు హైకోర్టు తీసుకున్న వైఖరిని సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

పేరున్నవాళ్ల సంగతి పత్రికల్లో చదువుతాం. 2022 నాటి జాతీయ నేర రికార్డుల లెక్కల్లో దేశంలోని ఖైదీల్లో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. వీళ్లలో బెయిలు ఉత్తర్వు చేతికొచ్చినా బయటికి రాలేనివాళ్లున్నారు. అడ్డుపడేది షూరిటీ. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేటు పదివేలకు షూరిటీ అడిగారు. అతని సోదరుడు పూచీ ఇవ్వబోతే ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. అప్పుడు కూడా కృష్ణయ్యరే, అతన్ని వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. నలభై అయిదేళ్ల తరవాత, 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ అదే చెప్పాల్సొచ్చింది. స్థానిక షూరిటీ కావాలని పట్టుబట్టడమే విడుదల ఆలస్యానికి ఒక కారణమని గుర్తించింది. ఉత్తర్వు ప్రతిని జైలుకు ఈమెయిల్లో పంపాలని, వారంలోగా మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని ఆదేశించింది. నెలరోజుల్లో పూచీకత్తు సమకూరకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే సంగతి చూడవచ్చంది. పేద కుటుంబాలకు ఈ మాట ఎవరూ చెప్పరు. మీకు తెలిసినవారెవరైనా ఆ స్థితిలో ఉంటే, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లమనండి. అక్కడ జైల్లో ఉన్నవాళ్లకు వకీలును ఉచితంగానే ఇస్తారు.