పాత కప్‌బోర్డులకు తెల్లరంగు.. పొడిగా గీకితే పసివారికి ముప్పు

పండుగలు, శుభకార్యాలు దగ్గరపడితే ఇంటికి సున్నాలు, రంగులు వేయించడం తెలుగు లోగిళ్లలో ఆనవాయితీ. గోడలు తళతళలాడుతున్నా, పోపు పొగకు మసిబారిన వంటింటి చెక్క కప్‌బోర్డులు మాత్రం వెలవెలబోతుంటాయి. కొత్తవి చేయించాలంటే తలకు మించిన భారం. ఉన్నవాటికే తెల్లరంగు వేసుకుంటే తక్కువ ఖర్చుతో వంటగదికి వెలుతురు వస్తుంది. సెలవు రోజుల్లో ఇంటివారే చేసుకోదగిన పని ఇది. అయితే కొత్త రంగు డబ్బా మూత తీయడానికి ముందు పాత పూత సంగతి తేల్చుకోవడం అత్యవసరం.

పాత పూతలో సీసం

గృహావసర రంగుల్లో సీసం దశలక్షకు 90 భాగాలు మించరాదని కేంద్ర ప్రభుత్వం 2016లో నిబంధనలు జారీ చేసింది. ఇవి 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. అంతకుముందు వేసిన ఎనామెల్ పూతల్లో సీసం ఉండే అవకాశముంది. ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో దీని వాడకం అధికంగా ఉండేది. పాత పూతను పొడిగా గీకినా, గరుకు కాగితంతో రుద్దినా సీసంతో కూడిన ధూళి లేచి నేలపైన, పాత్రలపైన పేరుకుంటుంది. పాకే పిల్లలు ఆ చేతులనే నోట్లో పెట్టుకుంటారు. సీసం పసివారి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. సురక్షితమని చెప్పదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. గర్భిణులకూ ఇది హానికరమే.

తడిపి రుద్దడమే క్షేమం

పని పూర్తయ్యే వరకు పిల్లలను, గర్భిణులను ఆ దరిదాపులకు రానీయరాదు. పాత్రలు, సరుకులు ముందే తరలించాలి. తలుపులు ఊడదీసి, వెనుకవైపు అంకెలు వేసుకుంటే తిరిగి బిగించేటప్పుడు తికమక ఉండదు. గట్టిగా ఉన్న పాత పూతను పూర్తిగా తొలగించనవసరం లేదు. పెచ్చులూడిన చోట మాత్రమే నీళ్లు చిలకరించి, పెయింటర్లు వాటర్ పేపర్ అని పిలిచే కాగితంతో తడిగా రుద్దాలి. బ్లోల్యాంప్‌తో కాల్చడం మరింత ప్రమాదకరం. రాలిన పెచ్చులను చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తి, సంచిలో మూటకట్టి పారవేయాలి. పిల్లలు ఆ ధూళిలో తిరిగారన్న అనుమానముంటే వైద్యుణ్ణి సంప్రదించాలి. రక్తపరీక్షలో సీసం మోతాదు తెలుస్తుంది.

జిడ్డు వదిలితేనే రంగు నిలిచేది

నూనె జిడ్డుపై వేసిన రంగు కొద్ది రోజులకే పొరలుగా లేచిపోతుంది. అందువల్ల గరుకు కాగితం పట్టకముందే గోరువెచ్చని సబ్బునీటితో తుడిచి, మంచినీటితో మరోసారి తుడిచి ఆరనివ్వాలి. చెక్కను తట్టినప్పుడు గుల్ల శబ్దం వస్తే చెదలు పట్టిందేమో చూడాలి. రంగు చెదను కప్పిపుచ్చుతుందే తప్ప ఆపదు. పగుళ్లు, మేకుల రంధ్రాలను లప్పంతో పూడ్చి, ఆరాక నునుపు చేసి, ప్రైమర్ వేయాలి. సన్‌మైకా అంటించిన తలుపులకు మామూలు ప్రైమర్ సరిగా అంటుకోదు. వాటికి తగిన రకాన్ని దుకాణంలో అడిగి తీసుకోవాలి.

తెలుపుపై పసుపు మరకలు

టేకు వంటి చెక్కల్లోని సహజ పదార్థాలు పైకి ఊరి తెల్లరంగుపై మరకలు వేస్తాయి. కణుపుల వద్ద ముందుగా లక్కపూత వేస్తే ఇవి చాలావరకు ఆగుతాయి. నూనె ఆధారిత తెల్ల ఎనామెల్ కాలక్రమేణా, ముఖ్యంగా వెలుతురు తగలని చోట, పసుపుబారుతుంది. నీటి ఆధారిత ఎనామెల్‌లో ఈ బెడద తక్కువ. వాసనా స్వల్పమే. ఏది కొన్నా డబ్బాపై సీసం పరిమితి వివరాలు చూసి కొనాలి.

పలుచగా రెండు పూతలు

చిక్కగా ఒకేసారి వేస్తే రంగు కారి ముడతలు పడుతుంది. చెక్క చారల వెంట బ్రష్ నడుపుతూ పలుచగా రెండు పూతలు వేయాలి. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది వేయాలి. వర్షాకాలంలో గాలిలో తేమ వల్ల ఆరడం ఆలస్యమవుతుంది. టర్పెంటైన్ ఆవిరి సులువుగా అంటుకుంటుంది కనుక పొయ్యి ఆర్పి, సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి ఉంచాలి. చేతికి ఆరినట్లు తోచినా పూత గట్టిపడటానికి మరికొన్ని రోజులు పడుతుంది. అప్పటివరకు సామాన్లు సర్దకుండా ఆగడం మంచిది. రెండు రోజుల తొందర పడకుంటే వంటగదికి అందంతో పాటు ఇంట్లోని పసివారికి రక్షణా దక్కుతుంది.