నీటిని కట్టివేయు వాల్వు ఎచ్చట నున్నది?

మంచినీటి పథకము అనగనే మనకు స్ఫురించునవి బోరుబావి, పంపు, ఎత్తైన ట్యాంకు, ఇంటింటి కుళాయి. వీటి నడుమ, నేలలోని గుంతలోనో, గోడ మూలనో కంటబడకుండ నుండు చిన్న వస్తువు మరియొకటి కలదు. అదియే వాల్వు. నీరు సక్రమముగ వచ్చుచున్నంత కాలము దానిని ఎవరును తలపరు. గొట్టము పగిలిన నాడు మాత్రము అందరును దాని కొరకే వెదకుదురు. ఆ వెదకుట యేదో ముందుగనే, ఏ తొందరయు లేని దినముననే జరుగవలెనని పంచాయతీ సభ్యులకు మనవి చేయుటయే మా యుద్దేశము.

1992వ సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణచే ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులో 29 విషయములు కలవు. త్రాగునీరు వానిలో నొకటి. 2019 ఆగస్టు 15వ తేదీన ప్రకటింపబడిన జల జీవన్ మిషన్, ఇంటింటికి కుళాయి ద్వారా మనిషికి దినమునకు 55 లీటర్ల నీరందవలెనని లక్ష్యముగ పెట్టుకొన్నది. కుళాయిలు పెరిగిన కొలది గొట్టములును, అతుకులును పెరుగును. వానిని కాపాడు బాధ్యతయు పెరుగును.

ఒక చిన్న లెక్క చూతము. ఒక యింటి గొట్టము నుండి నిమిషమునకు ఒక లీటరు చొప్పున నీరు కారినచో, ఒక దినమునకు 1,440 లీటర్లు వ్యర్థమగును. అది 26 మందికి రావలసిన భాగము. వీధి గొట్టము పగిలి నిమిషమునకు 100 లీటర్లు పోవుచున్నచో, 40,000 లీటర్ల ట్యాంకు ఏడు గంటలలోపలనే ఖాళీ యగును.

నీరు బయటికి పోవుట కంటె మురికి లోపలికి వచ్చుట మరింత ప్రమాదకరము. పెక్కు గ్రామములలో నీరు దినమునకు కొన్ని గంటలు మాత్రమే వదలబడును. వదలినంతసేపు చిల్లు గుండ నీరు బయటికి కారును. సరఫరా ఆగగనే గొట్టములో ఒత్తిడి తగ్గి, ప్రక్కనున్న మురుగు ఆ చిల్లు గుండనే లోనికి చేరును. మరునాడు ఆ నీరే వీధిలోని బిడ్డలు త్రాగుదురు. అతిసారము, కలరా, టైఫాయిడు, కామెర్లు ఇట్లు వ్యాపింపగలవు. చిల్లు పడిన భాగమును వాల్వు మూసి వేరుచేసినచో, నష్టము అచ్చటనే ఆగును.

ఇంటిలో వాల్వును కనుగొనుట కష్టము కాదు. వీధి గొట్టము నుండి ఇంటి గొట్టము చీలిన చోట మొదలుపెట్టి, దాని వెంబడి నడువవలెను. సాధారణముగ ప్రహరీ లోపల, వాకిటి దగ్గర, చిన్న మూత క్రింద గాని, మొదటి కుళాయికి ముందు గాని వాల్వు ఉండును. చక్రము వంటి పిడి గల గేటు వాల్వు కుడివైపునకు పలుమారులు త్రిప్పగ మూతపడును. పొడవు పిడి గల బాలు వాల్వునకు పావు చుట్టు చాలును: పిడి గొట్టము వెంబడి నున్న తెరచినట్లు, అడ్డముగ నున్న మూసినట్లు. ఏదైనను మెల్లగ మూయవలెను. ఒక్కసారిగ మూసినచో పరుగెత్తు నీటి తాకిడికి అతుకులు ఊడవచ్చును.

ఇచ్చట ఒక పొరపాటునకు తావు కలదు. డాబాపై ట్యాంకు ఉన్న యింట నీటికి రెండు దారులుండును. వీధి వాల్వు మూసినను ట్యాంకులోని నీరు దిగుచునే యుండును. దానికి ట్యాంకు అడుగున వేరొక వాల్వు కలదు. రెండింటిని గుర్తింపవలెను. పరీక్షయు నీరు వచ్చు వేళనే జరుపవలెను. నీరు రాని వేళ వాల్వు మూసి, కుళాయి త్రిప్పి, నీరు రాలేదని సంతసించుట పరీక్ష కాజాలదు. అసలు వాల్వే లేని యింటికి ఒకటి బిగింపించుట మేలు.

ఇంటి వాల్వు ఇంటివారి పని. వీధి వాల్వులు పంచాయతీ పని. ట్యాంకు క్రిందను, వీధుల చీలికల వద్దను ఇవి యుండును. ఇవి ఎచ్చట నున్నవో తరచుగ పంపు ఆపరేటరు ఒక్కనికే తెలియును. అతడు పెండ్లికి పొరుగూరు వెళ్లిన దినముననే గొట్టము పగిలినచో ఏమి చేయుదుము? సిమెంటు రోడ్డు వేయునప్పుడు కొన్ని వాల్వులు దాని క్రింద కప్పబడిపోవుటయు కద్దు. రోడ్డు పని మొదలిడుటకు ముందే వాల్వు గుంతల అంచులను కొత్త రోడ్డు మట్టమునకు ఎత్తు చేయించుట సభ్యులు మరువరాదు.

కావున సభ్యులు ఆపరేటరుతో కలిసి ఒక ఉదయము ఊరంతయు తిరిగి, ప్రతి వాల్వును ఒక పుస్తకములో వ్రాయింపవలెను. చెరగని గుర్తు నుండి అది ఎన్ని మీటర్ల దూరమున నున్నది, ఏ వీధులకు నీరు ఆపును, ఏ వైపునకు ఎన్ని చుట్లు త్రిప్పవలెను అను వివరములు అందుండవలెను. వాల్వు త్రిప్పు తాళము పంచాయతీ కార్యాలయములో నుండవలెను. మరియిద్దరికి ఈ పని నేర్పవలెను. ఆరు నెలలకొకసారి ప్రతి వాల్వును మూసి తెరచినచో త్రుప్పుతో బిగిసిపోకుండును. బిగిసిన దానిని పొడవు గొట్టము తగిలించి బలవంతముగ త్రిప్పినచో లోపలి కడ్డీ విరుగును.

మరమ్మతు ముగిసిన పిదప వాల్వును మెల్లగ తెరచి, మొదట వచ్చు బురద నీటిని వదలివేయవలెను. కుళాయి నీటిలో మిగిలియున్న క్లోరిను లీటరుకు కనీసము 0.2 మిల్లిగ్రాములు ఉన్నదని పరీక్షించిన తరువాతనే ఆ నీటిని త్రాగుటకు అనుమతింపవలెను.

ఈ పనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక పుస్తకము, ఒక ఉదయము, కొంత శ్రద్ధ చాలును. రాబోవు పంచాయతీ సమావేశములో “మన వాల్వులు ఎచ్చట నున్నవి?” అని ఒక్క సభ్యుడు అడిగినను, ఈ వ్యాసము ప్రయోజనము నెరవేరినట్లే మేము భావింతుము.