నడిప్రాయమున వృత్తిమార్పు

నలువదేండ్ల ప్రాయమున మంచి జీతము వచ్చు నుద్యోగమును విడిచినవానిని మనవారు మొదట నడుగునది "ఏమి తప్పు చేసితివి?" అనియే. ఈ ప్రశ్న యన్యాయమని మా యభిప్రాయము. 1974లో న్యూయార్కు నగరపు మనస్తత్వశాస్త్రజ్ఞుడు హెర్బర్టు ఫ్రాయిడెన్‌బర్గరు ఉచిత వైద్యశాలలో బనిచేయువారిని గమనించి, మిక్కిలి శ్రద్ధగలవారే యిట్లు డస్సిపోవుదురని వ్రాసెను. పగలు స్వంత వృత్తియు, రాత్రి యుచితసేవయు నెరపి తానును అట్లే యలసినవాడు. 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థయు దీనిని రోగముగా గాక, పనితావునందలి యెడతెగని యొత్తిడి ఫలముగా నిర్వచించెను. కావున విచారణ పనివానితో నాగిపోరాదు. పని చేయించు తీరునుగూడ విచారింపవలెను.

హైదరాబాదులో సాఫ్టువేరు కొలువులు మాని సేద్యమునకు మరలినవారు కొందరు గలరు. సేద్యము విశ్రాంతియని వారికెవరు చెప్పిరో! మన పాఠకులలోని రైతులు నవ్వుకొనియే యుందురు. రెండు పంటలు చేతికి రాకున్నను ఇల్లు గడచునా యని ముందుగా లెక్క చూచుకొనవలెను. గృహిణితో నాలోచింపక రాజీనామా పంపుట మాకు సమ్మతము గాదు. మనము వృత్తి మార్చినను బ్యాంకు వాయిదా తన తేదీ మార్చుకొనదు గదా.

పొలమును, నిలువసొమ్మును లేని గుమాస్తాకు ఈ మార్గమును లేదు. అతనికి గావలసినది పనిగంటల తగ్గింపును, అడిగినపుడు దొరకు సెలవును.