ఎముకకు పందిరి

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు పోవు సముద్రతీరపు దారిలో రుషికొండ కలదు. అచ్చట అలలు వెనుకకు మరలినప్పుడెల్ల ఇసుకపై గవ్వలు, ఆలుచిప్పలు మిగులును. వానిని ఏరుకొనని పిల్లలుండరు. మెత్తని దేహముగల చిన్న ప్రాణి యొకటి సముద్రజలమునందలి సున్నపు పదార్థమును గ్రహించి తనకై గట్టి యిల్లు కట్టుకొనును. ఆ యిల్లే ఆలుచిప్ప. మానవదేహమునందును ఇట్టి నిర్మాణ మొకటి నిరంతరము జరుగుచున్నది. అదియే ఎముక.

ఎముక చూచుటకు రాతివలె నుండును గాని అది సజీవమైనది. కొల్లాజెన్ అను మాంసకృత్తు దానియందు నారవలె అల్లుకొనియుండును. ఆ నారల నడుమ కాల్షియము, భాస్వరము కలిసిన లవణము పేరుకొని గట్టిదనము నిచ్చును. ఎముకలోని ఒక జాతి కణములు పాతభాగమును కరగించుచుండగా, మరియొక జాతి కణములు క్రొత్తభాగమును కట్టుచుండును. ఈ పని జీవితాంతము సాగును. అందువలననే విరిగిన ఎముక మరల అతుకుకొనుచున్నది. మన ప్రాంతమున పేరుపొందిన పుత్తూరు కట్టునకైనను, ఆసుపత్రిలో వేయు పిండికట్టునకైనను మూలసూత్ర మొక్కటియే. విరిగిన కొనలను సరిగా చేర్చి కదలకుండ నుంచినచో మిగిలిన పని దేహమే చేసికొనును.

కాని ఎముక విరుగుట వేరు, ఎముక పోవుట వేరు. ప్రమాదమున నుగ్గైపోయిన ఎముకను, వ్రణము వలన కుళ్లిన ఎముకను, కంతి సోకిన ఎముకను వైద్యులు తీసివేయవలసివచ్చును. అప్పుడేర్పడిన ఖాళీ పెద్దదైనచో కణములు దానిని దాటలేవు. ఆ చోట ఎముకకు బదులు మెత్తని కండ నిండును. కాలు నిలువదు, చేయి బరువు మోయదు. ఒక్కొక్కప్పుడు ఆ అవయవమునే కోల్పోవలసివచ్చును. రోగి తుంటినుండి కొంత ఎముకను తీసి ఆ ఖాళీలో నింపుట వైద్యులు చిరకాలముగా అనుసరించుచున్న ఉపాయము. అది మంచిదే. అయినను దానివలన రోగికి రెండవ గాయము తప్పదు. తీయదగిన ఎముకయు కొంచెమే.

బీరపాదును చూచినచో మరియొక ఉపాయము తోచును. తీగకు ప్రాకు శక్తి కలదు గాని ఆధారము కావలెను. పందిరి వేసినచో అది తానే అల్లుకొనును. అట్లే ఎముక పోయిన చోట సన్నని రంధ్రములుగల పదార్థము నొకదాని నుంచినచో కణములును రక్తనాళములును దానిలో ప్రవేశించి క్రొత్త ఎముకను కట్టగలవు. అది దేహమునకు హాని చేయరాదు. క్రొత్త ఎముక పెరిగినకొలది తాను కరగిపోవలెను. 1892లో జర్మనీ వైద్యుడు డ్రీస్‌మన్ ఎముకలోని ఖాళీలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో నింపినట్లు ప్రకటించెను. సముద్రపు పగడపు దిబ్బల పదార్థమును ఎముకలోని లవణముగా మార్చు విధానము 1974లో వెల్లడియైనది.

పందిరి వేసినంతనే చాలదు. పాదునకు నీరు పోయవలెను. నోటితో మ్రింగిన మందు దేహమంతటను వ్యాపించును. రక్తనాళములు చెడిన ఎముకయొద్దకు అది చేరునది స్వల్పము. కావున మందును ఆ పదార్థమునందే యిమిడ్చి, కావలసినచోట కొంచెము కొంచెముగా విడుదల యగునట్లు చేయుటకు శాస్త్రజ్ఞులు పూనుకొనిరి. కృత్రిమమైన కీళ్లను అతికించు సిమెంటులో చీమును నివారించు మందును కలుపు పద్ధతిని 1970లో జర్మనీయందు బుక్‌హోల్జ్ వెల్లడించెను. ఎముకను పెరుగునట్లు ప్రేరేపించు పదార్థము ఎముకయందే కలదని అమెరికా వైద్యుడు మార్షల్ యూరిస్ట్ 1965లో నిరూపించెను. అట్టి మాంసకృత్తు నొకదానిని కొల్లాజెన్ స్పాంజిలో నింపి వెన్నెముక శస్త్రచికిత్సయందు వాడుటకు 2002లో అమెరికాయందు అనుమతి లభించినది. అయితే దానిని మెడయందు వాడినప్పుడు కొందరికి గొంతు వాచి ఊపిరాడుట కష్టమైనది. అందుచే 2008లో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ వైద్యులను హెచ్చరించెను. కడవెడు నీరు ఒక్కసారి కుమ్మరించినచో లేతపాదు చెడును. మందు ఎంతో మంచిదైనను, తగిన చోట, తగినంత, తగిన కాలముపాటు అందినప్పుడే అది మేలు చేయును.

ఈ పనికి తగిన పదార్థ మొకటి విశాఖతీరమున వ్యర్థముగా పారవేయబడుచుండును. అదియే రొయ్యపెంకు. పెంకులోని సున్నమును ఆమ్లముతోను, మాంసకృత్తును క్షారముతోను తొలగించినచో కైటిన్ మిగులును. దానిని గాఢమైన క్షారమునందు కాచినచో కైటోసాన్ లభించును. కన్నీటియందును లాలాజలమునందును ఉండు లైసోజైము దీనిని మెల్లమెల్లగా విడగొట్టగలదు. కావున మందును పట్టియుంచి క్రమముగా విడుచుటకు ఇది అనుకూలము. 1957లో స్థాపింపబడిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రొయ్యపెంకులనుండి దీనిని తయారుచేయు పద్ధతులను రూపొందించినది. ఆ సంస్థకు విశాఖపట్టణమున శాఖ కలదు. రుషికొండయందలి గీతం విశ్వవిద్యాలయమున ఔషధశాస్త్రమును బోధించుచున్నారు.

కైటోసాన్‌ను ఎముకలోని లవణముతో కలిపి, మందు నింపి, ఎముకను పెంచు ప్రయత్నములు అనేక దేశముల ప్రయోగశాలలలో సాగుచున్నవి. అవి ఇంకను సామాన్య చికిత్సగా మారలేదు. ఎంత మందు ఎన్నినాళ్లు వెలువడవలెనో, పందిరి ఎప్పుడు కరగవలెనో ఇంకను పరీక్షించి తెలిసికొనవలసియున్నది. త్వరగా కరగినచో ఎముకకు ఆధారము పోవును. ఆలస్యమైనచో పెరుగుదలకు అడ్డగును. ఈ లెక్క సరిగా కుదిరిననాడు, కాలు పోవునని భయపడిన రోగి తన ఎముకపైననే తాను నిలువగలడు. ఎముకను కట్టునది దేహమే. దానికి తగిన పందిరి వేసి, తగినంత నీరు పోయుట శాస్త్రజ్ఞుని పని.